పాము కాటు వేయదు సరే, జబ్బు అంటిస్తుందా?

మువ్వలవానిపాలెం కోడలు:

మా మరిది పోయిన శ్రావణంలో బెంగళూరు నుంచి ఒక పామును తెచ్చాడు. బాల్ పైథాన్, ఆఫ్రికా జాతి. మూడున్నర అడుగులు ఉంటుంది, విషం లేదు. పేరు బంగారం. ఎవరైనా దగ్గరికి వెళితే బంతిలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది. నాకన్నా దానికే భయం ఎక్కువ. కాబట్టి పామంటే భయపడుతున్నారా అని దయచేసి అడగకండి, ఆ దశ దాటిపోయింది.

మాది ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు, రెండు పడక గదుల ఫ్లాటు. ఇంట్లో పదకొండు నెలల బాబు ఉన్నాడు. పాకుతున్నాడు, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటున్నాడు. అత్తగారికి అరవై ఎనిమిదేళ్లు, షుగరు ఉంది.

మొన్న ఆదివారం పొద్దున్న పాల గిన్నె కోసం వెతికితే అది స్టవ్ పక్కనే ఉంది. అందులో వేడినీళ్లు, నీళ్లలో ముడి వేసిన ప్లాస్టిక్ సంచి, సంచిలో ఎలుక. తెల్లటి ఎలుక, కళ్లు మూసుకుని, తోక సంచి మూలలోకి మడిచి ఉంది. ఫ్రీజరులో మా బఠానీల పక్కన ఉండే పొట్లం అదేనట. నేను ఇన్నాళ్లూ నెత్తళ్లు అనుకుంటున్నాను. "సంచిలో ఉంది కదా వదినా, నీళ్లకు తగలలేదు" అన్నాడు. అదే రోజు సాయంత్రం బంగారం ఉండే డబ్బాను వంటింటి సింకులో, బాబు పాలసీసా పక్కన పెట్టి కడిగాడు.

అత్తగారి కథ వేరు. ఆవిడ ఏటా నాగులచవితికి పుట్టలో పాలు పోసి, చిమ్మిలి, చలిమిడి పెట్టి వచ్చే మనిషి. పాము ఇంట్లోకే వచ్చిందని మొదట కంగారుపడ్డారు గానీ, అది కుబుసం విడవగానే మూరెడు ముక్క తీసుకెళ్లి పూజ గదిలో కుంకుమ భరిణె పక్కన పెట్టారు. శుభమట.

రెండు వారాల క్రితం బాబుకు మూడు రోజులు విరేచనాలు, జ్వరం. డాక్టరుగారు ఓఆర్ఎస్ పట్టమన్నారు, తగ్గింది. పాము సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు నిద్ర పట్టడం లేదు. "విషం లేదు, కాటు వేయదు, ఇంకేమిటి భయం?" అన్నది మరిది వాదన. కాటు వేయకుండానే పాము నుంచి మనుషులకు క్రిములు అంటుకుంటాయా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

కల్చర్ ప్లేటు, మహారాణిపేట:

అంటుకుంటాయమ్మా. మైక్రోబయాలజీ ల్యాబులో పదహారేళ్లుగా పని చేస్తున్నాను, ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందుగా అనుమానించాల్సింది సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాను. పాములు, తాబేళ్లు, తొండల పేగుల్లో అది హాయిగా కాపురం ఉంటుంది. పాముకు ఏ జబ్బూ రాదు, నిగనిగలాడుతూనే ఉంటుంది. మలంతో బయటపడి దాని ఒంటికి, డబ్బాకు, నీళ్ల తొట్టికి, కుబుసానికి పట్టుకుంటుంది. బాబు పామును ముట్టుకోనక్కరలేదు. పామును పట్టుకున్న చేతులతో మీ మరిది వాడిని ఎత్తుకుంటే చాలు. మీరు చెప్పినవాటిలో నన్ను ఎక్కువ భయపెట్టింది సింకు.

ఎలుక సంగతి. గడ్డకట్టిస్తే క్రిములు చస్తాయని చాలామంది నమ్మకం. సాల్మొనెల్లా చలికి చావదు, ఊరికే ఆగి ఉంటుంది. వేడినీళ్లలో ఎలుక మెత్తబడేసరికి అదీ లేస్తుంది. సంచికి చిన్న చిల్లు ఉంటే మీ పాల గిన్నె గతి ఏమిటో చూడండి.

శరీరంలోకి వెళ్లాక సాధారణంగా 6 గంటల నుంచి 6 రోజుల్లోపు విరేచనాలు, జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి మొదలవుతాయి. ఆరోగ్యవంతులకు 4 నుంచి 7 రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. ఐదేళ్లలోపు పిల్లలు, 65 దాటినవారు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవారి విషయం అలా కాదు. క్రిమి పేగు దాటి రక్తంలోకి వెళ్లగలదు, పసివాళ్లలో మెదడు పొరల దాకా పోగలదు. మీ ఇంట్లో అలాంటివాళ్లు ఇద్దరున్నారు. అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఇలాంటి జంతువులు వద్దనే చెబుతుంది. పిల్లలు నోట్లో పెట్టుకుని జబ్బు పడుతున్నారనే అక్కడ 1975లో 4 అంగుళాలకన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు.

ఇంకొక మాట. జ్వరం రాగానే వైడాల్ పరీక్ష రాయమని అడిగేవాళ్లను రోజూ చూస్తాను. అది టైఫాయిడ్ కోసం. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా మనుషుల్లోనే బతుకుతుంది, పాము నుంచి రాదు. పాముల దగ్గర ఉండేవి దాని దాయాదులు. వాటిని పట్టుకోవాలంటే మల పరీక్షలో కల్చర్ చేయాలి, అంటే ల్యాబులో క్రిమిని పెంచి చూడాలి, జ్వరం తీవ్రంగా ఉంటే రక్తం కల్చర్ కూడా. ఈసారి ఏ విరేచనాలు పట్టుకున్నా డాక్టరుతో మొదటి మాటగా "మా ఇంట్లో పాము ఉంది" అని చెప్పండి. మొన్నటిది పాము వల్లే వచ్చిందో కాదో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. ఆ పంచాయితీ పెట్టుకోకండి, ఇల్లు చీలుతుంది.

---

గాజువాక కార్న్ స్నేక్:

నేను ఆరేళ్లుగా పామును పెంచుతున్నాను, ఇంతవరకు ఏమీ కాలేదు. అయితే మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు, పాము సామాను వంటింటి గడప తొక్కదు. డబ్బా కడగడానికి వేరే బకెట్, వేరే బ్రష్, బాత్రూములో. కడిగాక నేలకు బ్లీచింగ్ నీళ్లు. పామును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు. కొందరు దానికి ముద్దులు పెడుతూ ఫొటోలు దిగుతారు, వాళ్లకు నేను చెప్పేదేమీ లేదు.

మీ మరిది రెండు మాటలు అనవచ్చు, ముందే జవాబు చెబుతున్నాను. "పరీక్ష చేయించాను, లేదని వచ్చింది" అనవచ్చు. పాము ఆ క్రిములను రోజూ వదలదు, ఒకరోజు ఉంటాయి, ఒకరోజు ఉండవు. ఒక్క పరీక్షను నమ్మలేం. "మందు వేయించి పోగొడతాను" అనవచ్చు. నేనూ అడిగి పశువుల డాక్టరు చేత చీవాట్లు తిన్నాను. యాంటీబయాటిక్స్ వేస్తే క్రిమి పోదు, మందుకు లొంగని క్రిమి తయారవుతుంది.

అడగని విషయమే గానీ, విదేశీ జాతి కాబట్టి 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాడేమో కనుక్కోండి. మన కొండచిలువ, జెర్రిపోతు లాంటివైతే 1972 వన్యప్రాణి చట్టం కింద అసలు పెంచకూడదు.

---

పెందుర్తి అమ్మమ్మ:

పాము సంగతి నాకు తెలియదు. మా చిన్నప్పుడు పాలలో బల్లి పడితే విషం అని మొత్తం పారబోసేవాళ్లం. చదువుకున్న మనవలు బల్లికి విషమే లేదని నవ్వుతారు. అదీ ఈ జాతే కదా, మరి దానికీ ఈ క్రిములు ఉంటాయా?

---

కల్చర్ ప్లేటు, మహారాణిపేట:

ఉంటాయండీ. గోడ మీది బల్లుల రెట్టలోనూ సాల్మొనెల్లా దొరుకుతుంది. విషం లేదన్న మనవల మాట నిజం, పారబోసిన మీ పనీ సరైనదే. వంటింట్లో గిన్నెలకు మూతలు పెట్టడం మానకండి.

---

మువ్వలవానిపాలెం కోడలు:

అందరికీ కృతజ్ఞతలు. మరిదికి ఫోను ఇచ్చి మొత్తం చదవమన్నాను. రెండుసార్లు చదివాడు. "సింకు గురించి నేను ఆలోచించలేదు వదినా" అన్నాడు, పాపం. పాములంటే ప్రాణం పెట్టే కుర్రాడు, అంతకుమించి దోషం లేదు. మధురవాడలో ఒంటరిగా ఉంటున్న స్నేహితుడి గదికి శనివారం బంగారాన్ని తీసుకెళ్లాడు, ఎలుకల పొట్లాలతో సహా. బాబుకు ఐదేళ్లు వచ్చేదాకా అక్కడే. ఇతను వారానికి రెండుసార్లు వెళ్లి వస్తాడు, రాగానే స్నానం చేశాకే బాబును ఎత్తుకోవాలని ఒప్పందం. పరివేష్ నమోదు కాగితం చూపించాడు, అది మాత్రం సక్రమంగానే ఉంది.

ఫ్రీజరు ఖాళీ చేసి, సింకుతో పాటు బ్లీచింగ్ నీళ్లతో తుడిచాను. బఠానీలు పారేశాను. పాల గిన్నెను బంగారం పేరనే రాసిచ్చేశాను, అదీ మధురవాడ వెళ్లింది.

అత్తగారితోనే తేలలేదు. కుబుసం పారేయడం అరిష్టమట. చివరికి ఖాళీ ఆవకాయ జాడీలో పెట్టి, మూతకు గుడ్డ వాసెన కట్టి, అటక మీద పెట్టించారు. చేతులు కడుక్కోమంటే, పసుపు నీళ్లతో కడిగారు. సబ్బుతో అన్నాను. రెండూ చేశారు.