అప్‌డేట్: తొమ్మిదో తరగతి ఆడపిల్లల డైరీలు, మూడు నెలల తర్వాత

జూలైలో అడిగింది నేనే. విజయనగరం దగ్గర మా హాస్టల్లో పిల్లల చేత డైరీ రాయిస్తే 'లేచాను, తిన్నాను, చదివాను' తప్ప ఏమీ రావట్లేదు, ముందుకొచ్చి మాట్లాడే పిల్ల ఒక్కర్తీ లేదు అని. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది ఎర్ర పెన్ను పక్కన పెట్టమన్న సలహా. మన యాసలో రాసినా దిద్దలేదు. పేజీ మడిస్తే చదవనని మాటిచ్చాను. రోజూ ఒకటే ప్రశ్న: 'ఇవాళ ఏది నచ్చలేదు? అప్పుడు నువ్వేం చేశావు?' మొదటి వారం దాదాపు అన్నీ మడతలే! నెలాఖరున ఎవరి పాత పేజీలు వాళ్లనే చదువుకోమన్నాను. ఒక పిల్ల కుళాయి దగ్గర తోపులాట గురించి 'ఎవరైనా చెబితే బాగుణ్ను' అని నాలుగుసార్లు రాసుకుంది. చూసి తనకే నవ్వొచ్చింది. మర్నాడు గదుల వారీగా టైము వేసిన కాగితం పట్టుకుని వార్డెన్ దగ్గరికి తనే వెళ్లింది. ఇప్పుడు కుళాయి పక్క గోడకి ఉన్నది ఆ కాగితమే.

ఖరీదైన డైరీలు, బహుమతులు, ఇంగ్లీషులో రాయించడం, వీటితో ఏ తేడా రాలేదు. గురజాడ కూడా మన విజయనగరంలోనే డైరీలు రాశారని చెబితే శ్రద్ధగా విన్నారు, అంతే.

ఇద్దరు ఇంకా మడిచే ఇస్తున్నారు. ఇవ్వనీ.