రేడియాలజిస్టు పనిని రిపోర్టుల సంఖ్యతో కొలవొచ్చా?

లెక్కలమనిషి:
ఆసుపత్రి పాలన వైపు నుంచి అడుగుతున్నాను, తిట్టుకోకండి. మా రేడియాలజిస్టులందరూ పని ఎక్కువైపోయిందంటారు. సిస్టమ్‌లో చూస్తేనేమో ఒక్కొక్కరి రిపోర్టులు పెద్దగా పెరగలేదు. స్కాన్ తీసేది టెక్నీషియన్, చూసి రాసేది డాక్టర్. మరి మిగతా టైమంతా ఎటు పోతోంది?

చీకటిగది:
ఎటు పోతోందో చెబుతాను. నిన్న ఒక క్యాన్సర్ పేషెంటు ఊపిరితిత్తుల సీటీ చూస్తున్నాను, పాత స్కాన్ పక్కన పెట్టుకుని చిన్న చిన్న గడ్డలు పెరిగాయా తగ్గాయా అని ఒక్కొక్కటే కొలుస్తూ. ఏడోదాని దగ్గర ఉండగా ఫోన్. వార్డులో జూనియర్: "క్రియాటినిన్ ఎక్కువుంది సార్, కాంట్రాస్ట్ ఇవ్వొచ్చా?" కిడ్నీలు సరిగా పనిచేయడం లేదేమో, స్కాన్‌లో బాగా కనబడటానికి ఎక్కించే మందు ఇవ్వొచ్చా అని. కిడ్నీల వడపోత ఎంతుందో చెప్పే ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువుంటే ఆలోచించాల్సిందే, కాబట్టి అసలు దేన్ని అనుమానిస్తున్నారు, కాంట్రాస్ట్ లేకుండా తీస్తే సరిపోతుందా, అల్ట్రాసౌండ్‌తో తేలిపోతుందా అని మాట్లాడి పెట్టేసరికి తలుపు దగ్గర టెక్నీషియన్. ఎంఆర్‌ఐకి వచ్చినాయనకి గుండెలో పేస్‌మేకర్ ఉందట, ఏ మోడలో ఆయనకీ తెలీదట; కొన్ని మోడళ్లకి ఎంఆర్‌ఐ అయస్కాంతం ప్రమాదం. అది తేల్చి వచ్చి కూర్చుంటే ఎక్కడ ఆపానో గుర్తులేదు, మళ్ళీ పైనుంచి మొదలు. మీ సిస్టమ్‌లో ఇదంతా కలిపి ఒక్క రిపోర్టు.

బయాప్సీలు, చీము తీయడాలు, జూనియర్లకి నేర్పడం నేనింకా ఎత్తనే లేదు.

వార్డుజీవి:
ఆ ఫోన్ చేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. రిపోర్టు చివర "క్లినికల్‌గా పోల్చి చూసుకోగలరు" అని, అంటే పేషెంటు లక్షణాలతో మీరే సరిచూసుకోండని, రాసి వదిలేస్తే ఫోన్ చేయక ఏం చేయమంటారు?

చీకటిగది:
నిజమే, ఆ వాక్యం వెనక దాక్కునేవాళ్లు మాలో ఉన్నారు. కానీ మీ రిక్వెస్టు మీద "కడుపునొప్పి" అని ఒక్క మాటే ఉంటే దేనితో పోల్చమంటారు? పాత ఆపరేషన్ సంగతి తెలుసుకోవడానికి నేనే కేస్‌షీటు తవ్వుకోవాలి.

కొత్తయంత్రం:
ఏఐ వస్తే ఈ గొడవంతా తీరదా? ఐదేళ్లలో, మహా అయితే పదేళ్లలో డీప్ లెర్నింగ్ అనే ఏఐ పద్ధతి మిమ్మల్ని మించిపోతుంది, కొత్తవాళ్లకి శిక్షణ ఆపేయండని ఏఐ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ 2016లోనే అన్నాడు కదా.

చీకటిగది:
అన్నాడు. ఆయన చెప్పిన ఐదేళ్లు ఎప్పుడో దాటాయి, మాకింకా మనుషులు చాలడం లేదు. ఆయన చూసింది బొమ్మ చదివే పనినే. 2013లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం కెనడాలోని వాంకూవర్ ఆసుపత్రుల్లో రేడియాలజిస్టుల వెనకే తిరిగి టైమ్ లెక్కేస్తే, బొమ్మలు చదవడానికి పోయింది 36 శాతమే. నా రోజూ ఇంచుమించు అంతే. క్యాన్సర్ కేసుల మీద డాక్టర్లందరూ కూర్చుని చర్చించే ట్యూమర్ బోర్డు ఉన్న వారమైతే ఇంకా తక్కువ, ఎందుకంటే బయట తీయించుకొచ్చిన సీడీలు సగం తెరుచుకోవు, తెరుచుకున్నవాటిని మొదటినుంచీ చూడాలి, దానికి కొత్త రిపోర్టు ఉండదు కనుక మీ లెక్కలో సున్నా. మెదడులో రక్తస్రావం కనిపెట్టి ఏఐ కేసును వరుసలో ముందుకు తెస్తే మంచిదే. కానీ అర్ధరాత్రి సర్జన్ ఫోన్ ఎత్తేదాకా మళ్ళీ మళ్ళీ చేయాల్సింది నేనే.

లెక్కలమనిషి:
సరే, ఒప్పుకున్నాను. ఈ ఫోన్లు, సంప్రదింపులు ఎవరికి వారు నమోదు చేసుకునేలా ఒక ఫారం పెడితే?

చీకటిగది:
బాబోయ్, అది నింపేది కూడా నేనే కదండీ! ముందు ఆ ఫోన్ ఎత్తి, ఏది అర్జెంటో, ఏది ఆగుతుందో విడదీసే మనిషిని ఒకరిని ఇవ్వండి. ఎన్ని వచ్చాయో ఆ మనిషే చెబుతాడు.

వార్డుజీవి:
ఆ మనిషి నా ఫోన్ ఆపేస్తే మాత్రం నేరుగా మీ గదికే వస్తాను.