డర్బన్‌లో పోలీసుగా పనిచేసిన పూర్వీకుడి వివరాలు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న (పరకాల)

మా ముత్తాతగారి అన్న చిన్న వయసులోనే ఊరు విడిచి దక్షిణాఫ్రికా వెళ్ళి, అక్కడ పోలీసు ఉద్యోగం చేశారని మా ఇంట్లో చెప్పుకుంటారు. మా దగ్గర మిగిలినవి యూనిఫారంలో ఆయన దిగిన ఫొటో, 1903 నాటి డర్బన్ తపాలా ముద్ర ఉన్న ఖాళీ కవరు మాత్రమే. నాటాల్ (డర్బన్ ఉన్న అప్పటి బ్రిటిష్ వలస రాజ్యం) మౌంటెడ్ పోలీసు జాబితాలలో ఆయన పేరు కనిపించలేదు. ఇంకెక్కడ వెతకవచ్చో పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు (హనుమకొండ)

మీరు చూసిన దళం వేరు, ఆయన పనిచేసిన దళం వేరు అయి ఉండవచ్చు. 1874లో బ్రిటిష్ అధికారి డార్ట్‌నెల్ నెలకొల్పిన మౌంటెడ్ పోలీసు ప్రధానంగా తెల్లవారి గుర్రపు దళం. అదే 1894లో నాటాల్ పోలీసుగా మారి, 1913లో దక్షిణాఫ్రికా పోలీసులో కలిసిపోయింది. డర్బన్ పట్టణానికి మాత్రం పురపాలక సంఘం నడిపే సొంత పోలీసు దళం ఉండేది, అందులో భారతీయ కానిస్టేబుళ్ళు కూడా ఉండేవారు. 1897 జనవరిలో తెల్లవారి గుంపు చుట్టుముట్టినప్పుడు గాంధీగారు భారతీయ కానిస్టేబుల్ వేషంలోనే తప్పించుకున్నారు. ఆ ఉపాయం చెప్పినవారు ఆ పట్టణ పోలీసు సూపరింటెండెంట్ అలెగ్జాండరే. కాబట్టి నాటాల్ రాజధాని అయిన పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లోని వలస ప్రభుత్వ కాగితాలకంటే ముందు, డర్బన్ ఆర్కైవ్స్‌లో ఉన్న పట్టణ కౌన్సిల్ కాగితాలను చూడటం మంచిది. ఫొటోలో కాలరు మీద నంబరు ఉంటే భూతద్దంతో చూసి రాసిపెట్టుకోండి.

జవాబు (కరీంనగర్)

పై సలహా సరైనదే గాని, నా దృష్టిలో పోలీసు ఉద్యోగం రెండో మెట్టు; ఆయన అక్కడికి ఎలా చేరారన్నది మొదటిది. 1860 నుంచి 1911 వరకు మద్రాసు, కలకత్తా రేవుల నుంచి లక్షా యాభై వేల మందికి పైగా ఒప్పంద కూలీలుగా నాటాల్‌కు వెళ్ళారు. ప్రతి ఒక్కరికీ ఒక వలస నంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీది పుట్టుమచ్చలతో సహా ఓడ జాబితాలో రాసేవారు. తరువాతి కాలంలో పెళ్ళి నమోదైనా, అర్జీ పెట్టుకున్నా ఆ నంబరు తిరిగి కనిపిస్తుంది, అందుకే పేరుకంటే నంబరు విలువైనది. గుమాస్తాలు చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసుకున్నారు కనుక, మన ఇంటిపేరు కోసం పట్టుబట్టకుండా తండ్రి పేరును, గ్రామాన్ని కలిపి పోల్చి చూడండి. (నిజాం ఇలాకా ఊళ్ళ పేర్లను వారు ఎన్ని రకాలుగా వక్రీకరించగలరో మీరే ఊహించుకోండి.)

సొంత ఖర్చుతో వెళ్ళిన వర్తకులకు ఈ నంబరు ఉండదు. అయితే 1897 చట్టం అలా వచ్చేవారికి యూరోపియన్ భాషలో అర్జీ రాయగలగాలనే షరతు పెట్టింది. ఆయనకు చదువు లేకపోయి, ఆ తరువాతే వెళ్ళి ఉంటే, కూలీల ఓడ ఎక్కి ఉండే అవకాశమే ఎక్కువ.

జవాబు (జనగామ)

బ్రిటిష్ సేనాని బేడెన్ పావెల్ 1900లో ఏర్పరచిన దక్షిణాఫ్రికా కాన్‌స్టాబ్యులరీ అనే పోలీసు దళం గురించి కూడా ఎవరైనా చెప్పవచ్చు. అది నాటాల్‌కు వెలుపల ఉన్న ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ రివర్ ప్రాంతాల దళం, కనుక డర్బన్ ముద్ర ఉన్న మీ కవరును బట్టి దానిని పక్కన పెట్టవచ్చు. ఆయన అక్కడే కన్నుమూసి ఉంటే మృతుల ఆస్తి ఫైలులో భార్యాపిల్లల పేర్లు ఉండవచ్చు. దక్షిణాఫ్రికా జాతీయ ఆర్కైవ్స్ సూచికను ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో వెతకవచ్చు. అక్కడి తెలుగువారు 1931లో స్థాపించుకున్న ఆంధ్ర మహాసభకు ఫొటోతో పాటు ఊరి పేరు, తండ్రి పేరు రాసి పంపండి.