వాన్ గో బొమ్మ పక్కన ఆయన జబ్బు సంగతి రాయాలా, వద్దా?

బ్రాడీపేట డ్రాయింగు మాస్టారు (గుంటూరు):

మా పాఠశాలలో తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం విన్సెంట్ వాన్ గో చిత్రాల ముద్రిత ప్రతులతో చిన్న ప్రదర్శన ఏర్పాటు చేస్తున్నాము. ఒక్కొక్క బొమ్మ కింద నాలుగైదు వాక్యాల వివరణ ఉండాలి. ‘నక్షత్రాల రాత్రి’ దగ్గరకు వచ్చేసరికి ఉపాధ్యాయుల మధ్య భేదాభిప్రాయం తలెత్తింది. సహోపాధ్యాయులు ఒకరు రాసిన ముసాయిదా ప్రకారం, పిచ్చాసుపత్రిలో ఉన్న చిత్రకారుడు తన మనసులోని అల్లకల్లోలాన్నే ఆకాశంలో సుడులుగా చిత్రించాడు. వాక్యం వినసొంపుగా ఉంది, పిల్లలకు ఇట్టే గుర్తుండిపోతుంది. నా భయం కూడా అదే.

ఆ బొమ్మ ఎలా తయారైందో చూడండి. 1889 మే 8న వాన్ గో తనంతట తానుగా దక్షిణ ఫ్రాన్సులోని సెయింట్ రెమీ మానసిక చికిత్సాలయంలో చేరారు. జూన్‌లో ఈ చిత్రం వేశారు. తెల్లవారుజామున తన కిటికీలోంచి చూసిన ఆకాశాన్ని, పెద్దగా మెరిసే వేగుచుక్కను జ్ఞాపకం పెట్టుకొని, పని చేసుకోవడానికి ఇచ్చిన మరొక గదిలో పగటిపూట చిత్రించారు. ఆ కిటికీకి ఊరు కనిపించదు. ఊరినీ, చర్చి శిఖరాన్నీ ఆయనే తెచ్చి అక్కడ అమర్చారు. ఆ తరువాత ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో, నక్షత్రాలను మరీ పెద్దవి చేశాననీ, అది మరొక విఫల ప్రయత్నమనీ రాసుకున్నారు. ఏది చూసినదో, ఏది కల్పించినదో, ఎక్కడ మోతాదు మించిందో ఇంత స్పష్టంగా తెలిసిన మనిషి చేతిని జబ్బు నడిపించిందని పిల్లలకు ఎలా చెప్పగలను? అసలు జబ్బు ప్రస్తావనే లేకుండా రాయాలని నా అభిప్రాయం. మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

మొగల్రాజపురం పాఠకురాలు (విజయవాడ):

మాస్టారూ, ఆ వాక్యాన్ని తప్పకుండా కొట్టివేయండి. కాని జబ్బు ప్రస్తావనే ఉండకూడదంటే మాత్రం నేను ఒప్పుకోలేను.

మా తమ్ముడికి బైపోలార్ వ్యాధి ఉంది, అంటే అతిఉత్సాహం, తీవ్రమైన దిగులు మారిమారి వచ్చే జబ్బు. అది బయటపడినప్పుడు నాకు పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. వాడు బెంగళూరులో చదువుకుంటున్నాడని ఇంటిల్లిపాదీ బంధువులకు చెప్పాము. వాడు మాత్రం వెనకగదిలో ఉండేవాడు, మేము చెప్పే ఆ మాటలన్నీ వింటూ ఉండేవాడు. ఇప్పుడు క్రమం తప్పకుండా మందులు వేసుకుంటూ గవర్నర్‌పేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డిజైనింగ్ పని చేస్తున్నాడు, బాగా చేస్తాడని పేరు కూడా ఉంది. మీ పాఠశాలలో అలాంటి పిల్లవాడో, అలాంటి అన్నో అక్కో ఇంట్లో ఉన్న పిల్లవాడో తప్పక ఉంటాడు. ఆ పిల్లవాడు మీ ప్రదర్శన అంతా చూసి, ఇంత పని చేసిన మనిషికి తనవంటి కష్టమే ఉండేదని తెలుసుకోకుండా ఇంటికి వెళ్లిపోవడం న్యాయమా?

సెయింట్ రెమీకి ముందు వాన్ గో ఉన్న ఆర్ల్ పట్టణంలో ఏమి జరిగిందో కూడా పిల్లలకు తెలియాలి. 1888 డిసెంబరులో తోటి చిత్రకారుడు గోగాన్‌తో గొడవ జరిగిన రాత్రి ఆయన తన చెవి కోసుకున్న సంగతి అందరూ చెబుతారు. తరువాతి సంగతి ఎవరూ చెప్పరు. ఆయన కోలుకొని పనిలో పడినాక, 1889 తొలి నెలలలో, ఇరుగుపొరుగువారు సుమారు ముప్పైమంది సంతకాలు చేసి ఆయనను బంధించమని మేయరుకు అర్జీ ఇచ్చారు. పోలీసులు ఆయన ఇంటిని మూసివేశారు. ఏ నేరమూ రుజువు కాకుండానే తనను తాళం వేసిన గదిలో, కాపలా మధ్య ఉంచారని తమ్ముడు థియోకు ఆయన రాసిన ఉత్తరం ఉంది. చెవి సంగతి కన్నా ఆ అర్జీ సంగతే మన వీధులకు దగ్గరి సంగతి.

గుంటూరు మానసిక వైద్యురాలు:

ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది కాని, జబ్బు సంగతి రాస్తే ఏమని రాస్తారన్నది ముందుగా తేల్చుకోవాలి. ఆర్ల్‌లో చికిత్స చేసిన యువవైద్యుడు ఫెలిక్స్ రే, సెయింట్ రెమీలో డాక్టర్ పేరోన్, ఇద్దరూ దానిని మూర్ఛ వ్యాధిలో ఒక రకంగానే భావించారు. ఆ తరువాత వచ్చినవారు బైపోలార్ అన్నారు, పోర్ఫిరియా అనే అరుదైన జీవక్రియ వ్యాధి అన్నారు, చెవిలోపలి మెనియేర్ వ్యాధి అన్నారు. 2016లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియం వైద్యులనూ, కళాచరిత్రకారులనూ ఒకచోట చేర్చి చర్చింపజేసినా ఒకే నిర్ధారణపై ఏకాభిప్రాయం కుదరలేదు. 2020లో నెదర్లాండ్స్ మనోవైద్యులు ఆయన ఉత్తరాలను పరిశీలించి, ఒకటి కాదు, అనేక సమస్యలు కలిసి ఉండవచ్చుననీ, చెవి ఘటన తరువాతి మతిభ్రమణకు మద్యం హఠాత్తుగా ఆగిపోవడం కూడా కారణం కావచ్చుననీ రాశారు. నా ఎదుట కూర్చున్న రోగికే ఒక్కొక్కసారి నిర్ధారణకు నెలలు పడుతుంది. అందువల్ల బోర్డు మీద ఏ వ్యాధి పేరూ రాయవద్దని నా మనవి. ఆయనకు పదేపదే వచ్చిపోయే తీవ్రమైన మానసిక సంక్షోభాలు ఉండేవని రాస్తే చాలు, అందులో అసత్యం లేదు.

పసుపు రంగు గురించి ప్రచారంలో ఉన్న ఒక కథను కూడా దయచేసి చేర్చవద్దు. గుండె మందుగా వాడే ఫాక్స్‌గ్లవ్ మొక్క ప్రభావం వల్ల ఆయనకు అంతా పసుపుగా కనిపించేదని అంటారు. చివరి నెలలలో ఆయనను చూసిన డాక్టర్ గాషే చిత్రంలో ఆ మొక్క ఉండడమే దీనికి ఆధారం. కాని గాషేను ఆయన కలిసింది 1890 మేలో. పొద్దుతిరుగుడు పూలు చిత్రించింది 1888 ఆగస్టులో. ఆయన ఆ మందు తీసుకున్నారనడానికి ఆధారమూ లేదు.

ఇక పని సంగతి. సెయింట్ రెమీలో గడిపిన ఏడాదిలో ఆయన 150 దాకా తైలవర్ణ చిత్రాలు వేశారు. ఆ ఏడాదిలోనే అనేక సంక్షోభాలు వచ్చాయి. 1889 జూలైలో వచ్చినదానిలో రంగులు మింగబోవడంతో కొన్నాళ్లు వాటిని ఆయనకు అందనివ్వలేదు. జబ్బు ముదిరిన దినాలలో పని దాదాపు ఆగిపోయేది, తేరుకోగానే మొదలయ్యేది. ఈ జబ్బు లేకుండా పని చేయగలిగి ఉంటే ఎంత చేసి ఉండేవాడినో అని వాపోయినది ఆయనే.

తెనాలి చిత్రకళా విద్యార్థి:

డాక్టరు గారూ, మీ మాట చాలావరకు నిజమే అయినా పూర్తిగా నిజం కాదు. 1890 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు సాగిన సంక్షోభం అన్నింటికన్నా దీర్ఘమైనది. ఆ ఏప్రిల్ చివరలో తల్లికీ, చెల్లెలికీ రాసిన ఉత్తరంలో, జబ్బు అత్యంత తీవ్రంగా ఉన్నప్పుడు కూడా తాను చిత్రాలు వేశాననీ, వాటిలో స్వదేశపు జ్ఞాపకంగా నాచు పట్టిన కప్పుల గుడిసెలు ఉన్నాయనీ ఆయనే చెప్పారు. కాబట్టి జబ్బు వేరు, బొమ్మ వేరు అని గోడ కట్టలేము.

శైలిని కూడా గమనించండి. ఆర్ల్‌లో రంగులు విశాలంగా, చదునుగా, జపాను ముద్రణ చిత్రాల పోకడలో ఉంటాయి. సెయింట్ రెమీకి వచ్చాక గీతలు మెలికలు తిరుగుతాయి, కొండలు, చెట్లు, మబ్బులు అలలవుతాయి. రెండు కాలాల మధ్య ఆయన జీవితంలో వచ్చిన అతి పెద్ద మార్పు జబ్బే గదా. కుర్చీలో కూర్చుని ముఖాన్ని పిడికిళ్లలో దాచుకొన్న ముసలివాడి చిత్రం 1890 మేలో ఆ చికిత్సాలయంలోనే వేశారు. ఆ బొమ్మ ముందు నిలబడి, దీనికీ చిత్రకారుడి బాధకూ సంబంధం లేదని నేను అనలేను. అంటే అది నాకు ఆయన పట్ల అమర్యాదగా తోస్తుంది.

మంగళగిరి నేతింటివాడు:

మాది మగ్గం నేసే కుటుంబం. చిత్రకళ నేను చదువుకోలేదు కాని రంగు గురించి నాలుగు మాటలు చెప్పగలను. వాన్ గో 1884లో హాలండులోని న్యూనెన్‌లో మగ్గాలనూ నేతగాళ్లనూ వరసగా చిత్రించారు. ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో ఆయన వాడిన ఒక పెట్టె ఉంది, దాని నిండా రంగురంగుల ఉన్ని ఉండలు ఉన్నాయి. ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే ఏది లేస్తుందో, ఏది అణుగుతుందో చూసుకోవడానికి పోగులను మెలిపెట్టి పరీక్షించేవారట. పడుగు నీలం, పేక ఆకుపచ్చ పెడితే నెమలికంఠం రంగు వస్తుందని మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు; ఆయన ఆ తెలివిని పుస్తకాలు చదివి, పోగులు మెలిపెట్టి సంపాదించుకున్నారు. ఇది ఆవేశంలో వచ్చే విద్య కాదు.

ఇంకొకటి. మనం ఇప్పుడు చూసేవి ఆయన వేసిన రంగులు కావు. 1888 అక్టోబరులో వేసిన ‘పడకగది’ చిత్రంలో గోడలు నీలంగా ఉంటాయి. ఆ నీలాన్ని చూసి దిగులు, ఒంటరితనం అని రాసినవి నేను చాలా చదివాను. ఆయన ఉత్తరంలో మాత్రం గోడలు లేత ఊదారంగు అనీ, ఆ బొమ్మ చూస్తే విశ్రాంతి అనిపించాలనీ ఉంది. ఆ ఊదాలోని ఎరుపు వెలిసిపోయి నీలం మిగిలింది. వెలిసిపోయిన రంగును చూసి మనిషి మనసును నిర్ణయించడం ఎంతవరకు సబబో, తమ్ముడూ, నీవే ఆలోచించు. మాస్టారు ఏమి రాసినా రాయకపోయినా, ఆ బొమ్మ కింద ఈ సంగతి మాత్రం రాయాలి.

బ్రాడీపేట డ్రాయింగు మాస్టారు:

అన్నగారూ, తప్పక రాస్తాను. పిల్లల చేత పోగుల మెలిక ప్రయోగం కూడా చేయిస్తాను.

తెనాలి విద్యార్థి చెప్పిన ఏప్రిల్ ఉత్తరం ముఖ్యమైన ఆధారం. దానిని పక్కన పెట్టలేము. అయితే ఆ కాలానివి కొద్దిపాటి చిన్న చిత్రాలు, మనం గోడకు తగిలించబోయే బొమ్మలు కావు. ముఖం దాచుకొన్న ముసలివాడి సంగతి మరీ ఆసక్తికరమైనది. ఆ రూపాన్ని ఆయన 1882లోనే, హేగ్ నగరంలో వృద్ధాశ్రమవాసి ఒకరిని ఎదుట కూర్చోబెట్టుకొని గీసి, లిథోగ్రాఫుగా, అంటే రాతిముద్రణగా అచ్చు వేశారు. ఎనిమిదేళ్ల తరువాత దానినే రంగులలో వేశారు. అందులో తన బాధను కలిపి ఉండవచ్చు. ఆ బాధ కన్నా ముందే ఆ రూపం, ఆ కూర్పు, ముసలివారి పట్ల ఆ జాలి ఆయన దగ్గర ఉన్నాయి. మెలికల గీతల గురించి కూడా ఆయన మాట ఉంది. పాత చెక్కముద్రణ చిత్రాలలోని గీతల వలె వంపులు తిప్పానని, కూర్పు కోసం అతిశయోక్తి చేశానని 1889 సెప్టెంబరులో థియోకు రాశారు. శైలి కోసం ఇంతగా వెతకడం వల్ల అసలు అనుభూతి తగ్గిపోతోందేమోనని థియో వెలిబుచ్చిన ఆందోళన చదివితే, తమ్ముడికి ఆ బొమ్మలలో కనిపించినది ఉన్మాదం కాదు, మితిమీరిన ఆలోచన అని తెలుస్తుంది.

మన దామెర్ల రామారావు గారు ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో మశూచితో పోయారు. రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలకు వెళ్లినవారు గీతను, రంగును, గోదావరి మనుషుల ఒడ్డూపొడుగులను చూస్తారు. మశూచిని ఎవరూ ఆ బొమ్మలలో వెతకరు. వాన్ గోకు కూడా ఆ మర్యాద దక్కాలని నా తపన.

మొగల్రాజపురం పాఠకురాలు:

మాస్టారూ, ఆ పోలిక నాకు సరిపోయినట్టు లేదు. మశూచితో పోయిన మనిషిని వాళ్లింట్లో వారు ఫలానా జబ్బుతో పోయాడని చెప్పుకోగలరు, తలెత్తుకొని ఏడవగలరు. మా ఇంట్లో మేము అలా చెప్పుకోలేకపోయాము. ఆ తేడా ఉన్నంతకాలం ఈ జబ్బు గురించి ఎవరో ఒకరు పనిగట్టుకొని మాట్లాడవలసిందే.

దీనికి వాన్ గో మరదలు, అంటే థియో భార్య జో చూపిన దారి ఒకటి ఉంది. 1891 జనవరిలో థియో కూడా చనిపోయాక, చంటిబిడ్డతో, ఎవరూ కొనని బొమ్మలతో మిగిలిన ఆవిడ, ముందు ప్రదర్శనలు ఏర్పాటు చేసి బొమ్మలకు గుర్తింపు తెచ్చారు. ఉత్తరాలను 1914 వరకు పుస్తకంగా వేయలేదు. బొమ్మలకు విలువ దక్కకముందే మనిషి జీవితం మీద కుతూహలం రేపడం పోయినవారికి అన్యాయమని భావించారు. అలాగని ఉత్తరాలను దాచేయలేదు, జబ్బు సంగతులతో సహా అచ్చు వేయించారు. మీరు కూడా బొమ్మల కింద బొమ్మల సంగతే రాయండి. గది చివర వేరే బోర్డు పెట్టి ఆయన జబ్బు, ఆర్ల్ అర్జీ, థియో నెలనెలా పంపిన డబ్బు, సంక్షోభానికి సంక్షోభానికి మధ్య సాగిన పని, అన్నీ ఉన్నదున్నట్టు రాయండి.

తెనాలి చిత్రకళా విద్యార్థి:

ఆ బోర్డు మీద ఏప్రిల్ ఉత్తరం మాట కూడా ఉండాలని కోరుతున్నాను. జబ్బులో పని పూర్తిగా ఆగేదని రాస్తే, ఆ రోజుల్లో కూడా కుంచె పట్టిన మనిషి పట్టుదల కనబడకుండా పోతుంది.

గుంటూరు మానసిక వైద్యురాలు:

అది ఉండవలసిందే. చివరి బోర్డు గురించి వైద్యురాలిగా మూడు మనవులు చేస్తాను మాస్టారూ.

మరణం గురించి, 1890 జూలై 29న ఫ్రాన్సులోని ఓవేర్ గ్రామంలో 37 ఏళ్ల వయసులో మరణించారని, అది ఆత్మహత్య అని అత్యధికులు భావిస్తారని క్లుప్తంగా రాసి అక్కడితో ఆపండి. ఎలా, ఎక్కడ అన్న వివరాలు ఆ వయసు పిల్లలకు అవసరం లేదు, కొందరికి హానికరం కూడా.

కాకులు ఎగిరే గోధుమచేను చిత్రాన్ని ఆఖరి బొమ్మగా తగిలించవద్దు. చాలామంది అలాగే నమ్ముతారు కాని, ఆఖరిదిగా ఇప్పుడు మ్యూజియంవారు భావిస్తున్నది ‘చెట్టు వేళ్లు’ అన్న అసంపూర్ణ చిత్రం. ఆ జూలైలో వేసిన గోధుమచేల గురించి, వాటిలో తన విషాదాన్నీ, తీవ్రమైన ఒంటరితనాన్నీ చెప్పదలచుకున్నానని ఆయన రాసిన ముక్కనే అందరూ ఎత్తి చూపుతారు. అదే ఉత్తరంలో ఆ వెంటనే, పల్లెపట్టులో తనకు కనిపించే ఆరోగ్యాన్నీ, బలాన్నిచ్చే గుణాన్నీ ఆ బొమ్మలు చెబుతాయని కూడా రాశారు. రెండు ముక్కలూ కలిపి పెట్టండి. ఇద్దరు తమ్ముళ్ల గురించి ఆలోచిస్తూ చెబుతున్నాను, ఆయన తమ్ముడు, మొగల్రాజపురం అమ్మాయి తమ్ముడు.

మూడవది, మానసిక సహాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416ను ఆ బోర్డు కింద కాకుండా ప్రవేశద్వారం దగ్గర పెద్ద అక్షరాలతో పెట్టండి. జబ్బు బోర్డు ముందు నిలబడి నంబరు రాసుకోవడానికి పిల్లలు వెనుకాడుతారు. గుమ్మం దగ్గరైతే పిల్లలను తీసుకువెళ్లడానికి వచ్చిన తల్లిదండ్రులు కూడా చూస్తారు. ప్రదర్శన ఏ రోజున మొదలవుతుందో చెబితే నేను మధ్యాహ్నం ఓపీ ముగించుకొని వస్తాను, పిల్లల ప్రశ్నలకు జవాబు చెబుతాను.