పాత తెలుగు పుస్తకాల్లో గుర్తులు పెట్టుకోవడానికి ఏది వాడాలి?

ప్రశ్న: సొంత పుస్తకాల్లో గీతలు పెట్టుకుంటూ చదువుతాను. పాత న్యూస్‌ప్రింట్ (వార్తాపత్రికల కాగితం) ప్రతుల్లో హైలైటర్ రంగు అవతలి పేజీకి దిగిపోతోంది. దీనికి మార్గం ఉందా?

జవాబు 1: హైలైటర్ మానేయండి. న్యూస్‌ప్రింట్ తడిని వెంటనే పీల్చేస్తుంది, అందుకే రంగు దిగుతుంది. హెచ్‌బీ లేదా 2బీ పెన్సిల్ చాలు. 2హెచ్ లాంటి గట్టి ములుకు కాగితాన్ని గాడి చేస్తుంది, చెరిపినా ఆ గాడి పోదు. 6బీ లాంటి మరీ మెత్తటిదైతే మసి ఎదురు పేజీకి అంటుకుంటుంది.

ఇంకో మాట, వాక్యం కింద గీయకండి. మన లిపిలో వత్తులు కిందికి దిగుతాయి. 'శక్తి' కింద గీత గీస్తే తవత్తు మీదుగానే పోతుంది. మార్జిన్‌లో నిలువు గీత పెట్టుకుంటే అచ్చు శుభ్రంగా ఉంటుంది.

జవాబు 2: గీతలు ఎన్ని ఉన్నా, తర్వాత వెతికితే దొరకాలి కదా! వెనక అట్ట దగ్గరి ఖాళీ పేజీలో సూచిక రాసుకోండి: "84 – చెరువు తూము వర్ణన" అన్నట్టు, పేజీ నంబరు, నాలుగు మాటలు. అధ్యాయం అవగానే రాయాలి. పుస్తకం అయ్యాక రాద్దామంటే సగం గీతలు ఎందుకు పెట్టామో గుర్తుండదు. తెలియని పదానికి సున్నా, సందేహానికి ప్రశ్నార్థకం చాలు.

జవాబు 3: స్టికీ నోట్లు పాత కాగితం మీద నెలల తరబడి వదలొద్దు. జిగురు మిగిలి దుమ్ము పడుతుంది, లాగితే పీచు లేస్తుంది. పెన్సిల్ చెరపాలంటే మెత్తటి తెల్ల రబ్బరుతో, పేజీని అరచేత్తో అదిమిపట్టి, కుట్టు వైపు నుంచి అంచు వైపుకే రుద్దండి. అటూ ఇటూ రుద్దితే ముడతపడి చిరుగుతుంది.