ఫ్లాట్‌లో ప్రాక్టీస్‌కి ఎలక్ట్రానిక్ డ్రమ్స్: మెష్ ప్యాడా, రబ్బర్ ప్యాడా?

నిజాంపేట్_నాన్న | శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్ నిజాంపేట్‌లో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ఏడాదిగా డ్రమ్స్ నేర్చుకుంటున్నాడు. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల సంగీతం గ్రేడ్ 2 పరీక్ష రాయిద్దామంటున్నారు వాళ్ల సార్. ఇన్నాళ్లూ ఒక ప్రాక్టీస్ ప్యాడ్, రెండు దిండ్లు, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెతో నెట్టుకొచ్చాం. ఇక కిట్ కొనక తప్పేలా లేదు. అకౌస్టిక్ (కరెంటు లేని అసలు డ్రమ్స్) ఊసే వద్దు. బడ్జెట్ 50 వేలు. షాపులో రెండు చూపించారు: అలీసిస్ నైట్రో మ్యాక్స్ (మెష్ ప్యాడ్లు), యమహా డీటీఎక్స్402 (రబ్బర్ ప్యాడ్లు). హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పక్క గదిలో వాళ్లకి కూడా తెలియదని షాపతను అంటున్నాడు. ఏది తీసుకోమంటారు?

రిమ్‌షాట్_మాస్టారు | 9:41

మెష్. ఇందులో ఆలోచించేదేముంది? ఇరవై ఏళ్లుగా పిల్లలకు నేర్పుతున్నాను కాబట్టి చెబుతున్నా. రబ్బర్ మీద స్టిక్ పడితే టక్ టక్‌మని ఇల్లంతా వినపడుతుంది. గంట వాయిస్తే మణికట్టు పట్టేస్తుంది. మెష్ అంటే వల లాంటి అల్లిక, గాలి అందులోంచి పోతుంది కాబట్టి చప్పుడు పుట్టేదే తక్కువ. 1997లో రోలండ్ వాళ్లు, డ్రమ్ హెడ్స్ (డ్రమ్ మీద కొట్టే పొర) చేసే రెమో కంపెనీతో కలిసి టీడీ-10 కిట్‌కి ఈ మెష్ హెడ్స్ తెచ్చాకే మావాళ్లు ఎలక్ట్రానిక్ డ్రమ్స్ వైపు తలతిప్పి చూశారు. అంతకుముందు అవన్నీ బల్ల మీద కొట్టినట్టే ఉండేవి.

నైట్రో మ్యాక్స్‌లో స్నేర్ (ఎదురుగా ఉండే ముఖ్యమైన డ్రమ్) 10 అంగుళాలు, టామ్స్ (చుట్టూ ఉండే మిగతా డ్రమ్స్) 8. గ్రేడ్ 5 దాకా ఢోకా లేదు. ఒకటే జాగ్రత్త. మెష్ మీద స్టిక్ తనంతట తానే ఎగురుతుంది. రోల్స్ (ఆగకుండా గబగబా వేసే దెబ్బలు) అప్పుడే వచ్చేశాయని పిల్లాడు మురిసిపోతాడు, అసలు స్నేర్ ముందు కూర్చున్నాక తెలుస్తుంది. బిగించే కీతో హెడ్‌ని కాస్త వదులు చేసి వాయించమనండి.

గుంటూరు_బీట్ | 9:48

మెష్‌కే నా ఓటు. ఆదివారం చర్చిలో అకౌస్టిక్, మిగతా వారమంతా ఇంట్లో మెష్. రెండు వారాల్లో అలవాటైపోతుంది బ్రో.

కింది_ఇల్లు | 10:05

అందరూ చేతుల గురించే మాట్లాడుతున్నారు. నేను డ్రమ్మర్‌ని కాను. మా పై ఇంట్లో ఒక డ్రమ్మర్ ఉండేవాడు, ఈ చర్చలోకి రావడానికి నాకున్న అర్హత అదొక్కటే.

ఆ అబ్బాయిది మెష్ కిట్టే. చేతులతో వాయించేది మాకు ఒక్క దెబ్బ కూడా వినపడేది కాదు. వినపడేది కాలు. ధబ్, ధబ్ధబ్, ధబ్. పాట ఉండదు, తాళం మాత్రం సీలింగ్‌లోంచి దిగేది. వంటింటి సొరుగులో స్పూన్లు సన్నగా మోగేవి. పెడల్ తొక్కితే దానికున్న సుత్తి లాంటి బీటర్ వెళ్లి, బేస్ డ్రమ్‌కి బదులుండే కిక్ ప్యాడ్‌ని కొడుతుంది. ఆ ప్యాడ్ స్టాండ్ ఉన్నది నేల మీద. నేలంటే టైల్స్, వాటి కింద సిమెంటు, దాని కింద శ్లాబు, శ్లాబు కింద మేము. మధ్యలో మెత్తనిదంటూ ఏదీ లేదు.

మెష్షా రబ్బరా అన్నది మీ గదిలోని గొడవ. కిందివాళ్లకి రెండూ ఒకటే.

రిమ్‌షాట్_మాస్టారు | 10:17

మందపాటి కార్పెట్ వేస్తే సరి.

కింది_ఇల్లు | 10:19

వేశారు. కిట్ జారకుండా ఉండటానికి పనికొచ్చింది.

లా_పాయింట్ | 10:30

చట్టం ప్రకారం చూద్దాం. శబ్ద కాలుష్య నియమాలు, 2000. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6. ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి కొలవండి. 55 లోపు ఉంటే ఎవరూ ఏమీ అనలేరు.

కింది_ఇల్లు | 10:52

ఆ 55 అనేది ఏ-వెయిటింగ్‌తో లెక్కించే అంకె. చెవికి తక్కువగా వినపడే లోతు శబ్దాల్ని ఆ లెక్క బాగా తగ్గించి చూపిస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 30 డెసిబెల్స్ కోసేస్తుంది. శ్లాబులోంచి దిగే ధబ్‌లో ఎక్కువ భాగం ఆ లోతు శబ్దమే. మీటర్‌లో రానిది గుండె మీద మాత్రం పడుతుంది. నేనూ యాప్ పెట్టి కొలిచినవాణ్ణే.

లా_పాయింట్ | 10:58

మరి 55 దాటిందా, లేదా?

డల్లాస్_తెలుగు | ఆదివారం, ఉదయం 7:20

కింది ఇల్లు గారి మాట నిజం. ఇక్కడ మా అపార్ట్‌మెంట్లు చెక్క ఫ్రేమ్‌తో కట్టినవి, నడిస్తేనే కిందకి వినపడుతుంది. కిట్ కొన్న మూడో వారానికి లీజింగ్ ఆఫీసు నుంచి లెటర్. అప్పుడు టెన్నిస్ బాల్ రైజర్ చేశాను. రెండు ప్లైవుడ్ పలకలు, మధ్యలో పాతిక బంతులు, బంతులు కదలకుండా కింది పలకలో గుంతలు. పై పలక మీద కిట్, స్టూలు, మనిషి, అన్నీ. పై పలక గోడకి గాని, నేలకి గాని ఎక్కడా తగలకూడదు. ఒక్క మూల తగిలినా చేసిందంతా వృథా. ఆ తర్వాత కంప్లైంట్ రాలేదు.

మన గల్లీ క్రికెట్ హెవీ టెన్నిస్ బాల్స్ మాత్రం వాడకండి. రాయిలా ఉంటాయి, అణగవు. మామూలు టెన్నిస్ బంతులే, అన్నీ ఒకే రకంవి.

గుంటూరు_బీట్ | 8:02

ఇన్ని బంతులా! మా టీమ్ మొత్తం సీజన్ ఆడేస్తుంది అన్నా.

నిజాంపేట్_నాన్న | 9:15

ధన్యవాదాలు. పెడల్ సంగతి నాకు తట్టనే లేదు. యమహా 402లో బీటర్ లేని పెడల్ వస్తుందట, కేయూ100 అని. రోలండ్ కేటీ-10 అని విడిగా కూడా దొరుకుతుందట. అప్పుడు రబ్బరే మంచిదా?

కింది_ఇల్లు | 9:22

నన్నడిగితే అదే. కాలు ముందు, చేతులు తర్వాత.

రిమ్‌షాట్_మాస్టారు | 9:50

వద్దండీ బాబూ. బీటర్ లేని పెడల్ మీద నేర్చుకున్న కాలు అసలు బేస్ డ్రమ్ మీద తేలిపోతుంది. బీటర్ బరువు, అది వెనక్కి వచ్చే తీరు, హెడ్‌కి తగిలి ఆగే ఆ క్షణం, ఇవి కాలికి తెలియాలి. స్కూల్లో ఫంక్షన్‌కి పాట వాయించమంటే కిక్ ఒక్కటీ పడదు. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో చూశాను, సరిచేయడానికి ఆర్నెల్లు పట్టింది. పక్కవాళ్ల కోసమని పిల్లాడి కాలు పాడుచేస్తారా?

కింది_ఇల్లు | 9:58

పిల్లాడి కాలు బాగుండటానికి కిందివాళ్ల నిద్ర పాడవ్వాలా?

రిమ్‌షాట్_మాస్టారు | 10:10

వాయించేది పగలు కదా, మధ్యాహ్నం పూట నిద్రేంటండీ? పొద్దున్నే మిక్సీ వేస్తారు, కుక్కర్ కూస్తుంది, పైన ఎవరో గోడకి డ్రిల్లింగ్ పెడతారు. వినాయక చవితికి తొమ్మిది రోజులు డీజే బాక్సులు. ఎవరైనా నోరెత్తారా? వీణ నేర్చుకుంటే సంస్కారం, మృదంగం అయితే సంప్రదాయం, డ్రమ్స్ అంటే మాత్రం న్యూసెన్స్. నన్ను రెండు అద్దె ఇళ్లు ఖాళీ చేయించారు. రెండో ఇంట్లో ప్రాక్టీస్ ప్యాడ్ మీద వాయించినందుకు. ప్యాడ్ మీద! ఓనరు నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది, ‘ఈ డప్పులోళ్లకి ఇల్లివ్వకూడదు’ అన్నాడు. ఆ మాటలో ఏముందో మీకు అర్థమవుతుందనుకుంటా.

ఇప్పుడు ఈ పిల్లాడికి కూడా భయపడుతూ వాయించమని నేర్పాలా?

స్టిక్_పొడి | 10:14

రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందట. ఇద్దరూ దెబ్బలు తిన్నవాళ్లే.

లా_పాయింట్ | 10:15

ప్యాడ్ అయితే 55 దాటే ప్రసక్తే లేదు.

కింది_ఇల్లు | 10:47

మాస్టారూ, ఆ ఓనరు అన్నది తప్పు, ఎవరన్నా తప్పే. నేను ఆ ఓనరుని కాను.

మధ్యాహ్నం నిద్రేంటన్నారు కాబట్టి చెబుతున్నా. మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు మంచం మీదే ఉన్నారు. రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు, మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా కాస్త కునుకు పట్టేది. పై అబ్బాయి స్కూల్ నుంచి వచ్చేది మూడున్నరకి. వాయించొద్దు అనలేదు నేను. ఆరు తర్వాత వాయించమని అడగడానికి పైకి వెళ్లాను. వాళ్ల నాన్న తలుపు సగమే తీసి, ‘హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాడండీ, సౌండే రాదు’ అన్నారు. నేను వస్తోందన్నాను. ఆయన మళ్లీ రాదన్నారు. ఒక్కసారి కిందకొచ్చి వినండి అన్నాను. నవ్వారు. ఆ ఎనిమిది నెలల్లో ఒక్కసారి రెండు మెట్ల వరసలు దిగి రాలేదాయన.

నాన్నగారు పోయి రెండేళ్లయింది. పైవాళ్లూ ఖాళీ చేశారు. ధబ్ ధబ్ సంగతి నాకు ఎప్పుడో పోయింది. ఆ నవ్వే పోలేదు.

రిమ్‌షాట్_మాస్టారు | 11:30

ఇది ముందే చెప్పి ఉంటే నేను ఆ నిద్ర మాట అనేవాణ్ణి కాదు.

అయినా పెడల్ విషయంలో నా మాట మారదు. బీటర్ ఉండాల్సిందే. కిందకి వెళ్లకుండా చేసే మార్గాలున్నాయి. పెడల్ కిందా కిక్ ప్యాడ్ కిందా పెట్టుకోవడానికి రోలండ్ నాయిస్ ఈటర్ ఉంది, అదురు కిందకి దిగకుండా తగ్గించేది, ఎన్‌ఈ-10. స్టాండ్ కాళ్ల కింద ఎన్‌ఈ-1. లేదంటే డల్లాస్ గారి రైజర్. ఖర్చు కాస్త పెరుగుతుంది, అంతే.

కింది_ఇల్లు | 11:36

కాస్త కాదు. ఆ నాయిస్ ఈటర్లు కలిపితే ఆయన 50 వేలు దాటిపోతాయి.

డల్లాస్_తెలుగు | 11:41

అందుకే ప్లైవుడ్, బంతులు అంటున్నా.

నిజాంపేట్_నాన్న | బుధవారం, రాత్రి 8:40

మధ్యలో మాయమైనందుకు ఏమనుకోకండి. కింది ఇల్లు గారి పోస్టు చదివాక కిట్ కొనే ముందే ఒక పని చేశాను. వాళ్ల సార్ దగ్గర పాత కిక్ ప్యాడ్, పెడల్ అడిగి తెచ్చాం. ప్యాడ్ హాల్లో పెట్టి, మావాణ్ణి ఫోన్‌లో లైన్‌లో ఉంచి, నేను కింద 203కి వెళ్లాను. ఆంటీ, అంకుల్ ఇద్దరే ఉంటారు. సంగతి చెప్పి సోఫాలో కూర్చుని, ‘కొట్టరా’ అన్నాను.

నాకు సిగ్గేసింది. టీపాయ్ మీద స్టీలు గ్లాసులో నీళ్లు వణికాయి. పైన మా హాల్లో ఉన్నప్పుడు అది పెద్ద శబ్దంలాగే అనిపించదు. కింద మాత్రం ఎవరో తలుపు కొడుతున్నట్టే ఉంది. ఆ పై ఇంటాయనలాగే నేనూ ‘సౌండే రాదు’ అని ఉండేవాణ్ణి, ఒట్టు.

తర్వాత ప్యాడ్‌ని చిన్న బెడ్‌రూమ్ మూలకి మార్పించాను, బీమ్ పక్కన, బయటి గోడ వైపు. అక్కడ సగానికి పైగా తగ్గిపోయింది. మధ్యలో శ్లాబు ఎక్కువ ఊగుతుంది, బీమ్ దగ్గర ఊగదు అన్నారు అంకుల్, ఆయన రిటైర్డ్ సివిల్ ఇంజినీర్. అదే చోట ప్యాడ్ కింద పాత పరుపు ముక్క, దాని మీద చెక్కపలక వేశాం. ఇంకా తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఆంటీ ఒక మాటన్నారు. ‘ఇది ఫర్వాలేదు బాబూ. రోజూ పొద్దున ఆరింటికి మీ ఇంట్లో కుర్చీలు లాగుతారు చూడు, దానికన్నా నయమే.’

నాలుగేళ్లుగా ఉంటున్నాం అక్కడ. ఒక్కసారీ చెప్పలేదు. నిన్న కుర్చీలన్నిటికీ రబ్బరు బుష్‌లు వేయించాను.

సాయంత్రం 5 నుంచి 6 వరకు వాళ్లిద్దరూ వాకింగ్‌కి వెళ్తారట, ఆ గంట వాయించుకోమన్నారు.

గుంటూరు_బీట్ | 8:44

ఆంటీ సూపర్.

కింది_ఇల్లు | 9:03

మీరు కిందకి వెళ్లి విన్నారు. నాకు అది చాలు.

వర్షం పడే రోజుల్లో వాళ్లు వాకింగ్‌కి వెళ్లరు. ముందే ఫోన్ చేయండి.

లా_పాయింట్ | 9:10

203లో రీడింగ్ తీసుకున్నారా?

రిమ్‌షాట్_మాస్టారు | 9:26

అంతా బాగుంది. ఇంతకీ మెష్ తీసుకుంటున్నారా, రబ్బరా?

నిజాంపేట్_నాన్న | 9:31

మెష్షే సార్, నైట్రో మ్యాక్స్. బీటర్‌తోనే. ఈ ఆదివారం ప్లైవుడ్ కోయించడానికి వెళ్తున్నాం. డల్లాస్ గారూ, నాలుగడుగులకి ఐదడుగుల పలకకి ఎన్ని బంతులు పట్టొచ్చు?

డల్లాస్_తెలుగు | 9:50

నాది అదే సైజు, 25 పెట్టాను. బరువు ఎక్కువ పడే చోట, అంటే స్టూలు కిందా కిక్ కిందా, దగ్గర దగ్గరగా పెట్టండి. మీవాడు ఎదుగుతున్న పిల్లాడు కదా, రెండు ఎక్కువే కొనిపెట్టుకోండి.