మ్యాచ్‌కి వచ్చే స్నేహితులకి వైజాగ్‌లో ఏం చూపిస్తారు? ఎవరికీ తెలియని చోట్ల సంగతి అందరికీ చెప్పేయొచ్చా?

మధురవాడ మనిషి:
పాత స్నేహితులు నలుగురు బెంగళూరు నుంచి వన్డే మ్యాచ్‌కి వస్తున్నారు. రెండున్నర రోజులు మా ఇంట్లోనే ఉంటారు. టికెట్లు మాత్రం రెండే దొరికాయి. ఆర్కే బీచ్, కైలాసగిరి, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, అన్నీ కాలేజీ రోజుల్లోనే చూసేశారు. "టూరిస్టు బస్సులు ఆగని చోటికి తీసుకెళ్ళరా" అని ఒకటే గొడవ.

నా సందేహాలు రెండు. టికెట్ దొరకని ఇద్దరినీ బీచ్ రోడ్డులో ఏదైనా స్పోర్ట్స్ బార్‌లో కూర్చోబెడితే మ్యాచ్ చూసినట్టు ఉంటుందా? ఇది చిన్నది. రెండోదే నన్ను పీక్కు తింటోంది. మూడేళ్ళ కిందట భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బల్లో, వాన నీళ్ళు కోసిన ఒక పాయ వెంట లోపలికి నడిచి వీడియో తీశాను. లొకేషన్‌తో సహా పెట్టాను. చాలామంది చూశారు. మొన్న సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ ఆ పాయలోకే వెళ్తే, వీడియోలో నేను చూపించిన గోడ మీద గుండె బొమ్మ, అందులో రెండు పేర్లు చెక్కి ఉన్నాయి. కింద చిప్స్ ప్యాకెట్లు, సీసా పెంకులు. ఆ మట్టి ఎంత మెత్తనంటే గోటితో గీసినా చార పడుతుంది. నా వీడియో చూసే వచ్చారని చెప్పలేను, కాదని సర్దిచెప్పుకోనూ లేకపోతున్నాను.

అయినా చూపించాలనే ఉంది. వచ్చినవాళ్ళు ఈ ఊరంటే బీచ్, ఐస్‌క్రీమ్ అనుకుని వెళ్ళిపోతే మనసొప్పదు. మీరేమంటారు?

భీమిలి మాస్టారు:
బాబూ, దిబ్బల జోలికి మాత్రం వెళ్ళకండి. నేను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. అక్కడ కనిపించేది కొండ కాదు, ఇసుక. వేల ఏళ్ళ కిందట సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక, ఇనుము వల్ల ఎర్రబారి, కాస్త గట్టిపడి నిలబడింది. వాన నీళ్ళు కోసుకుంటూ పోతే ఆ పాయలు ఏర్పడ్డాయి. ఇలాంటివి తమిళనాడులో, శ్రీలంకలో తప్ప ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేవు. 2014లో జియలాజికల్ సర్వే వాళ్ళు జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది.

గట్టు అంచున నిలబడి ఫోటో తీసుకుంటే ఏమవుతుందో చెప్తాను. పైన జీడిచెట్టు వేళ్ళు పట్టుకున్నంత మేరే మట్టి గట్టిగా ఉంటుంది. దాని కిందంతా వాన కోసేసి డొల్ల. మనిషి బరువు పడగానే పెళ్ళ విరిగి, ముక్కలు కూడా మిగలకుండా పొడిపొడిగా కిందికి జారిపోతుంది. మళ్ళీ అతకదు. మీరు ఒక్కరు చూపిస్తారు, వాళ్ళు నలుగురు ఫోటోలు పెడతారు, వాటిని చూసి నలభై మంది వస్తారు. మీరే రాశారుగా గోడ మీద పేర్ల సంగతి!

భీమిలిలో వేరేవి లేవా? 17వ శతాబ్దంలో వర్తకానికొచ్చి కోట కట్టుకున్న డచ్చివాళ్ళ శ్మశానం ఉంది. పావురాలకొండ ఎక్కితే బౌద్ధ విహారాల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, కింద గోస్తని సముద్రంలో కలిసే చోటు ఒకేసారి కనిపిస్తాయి. రాతి మీద నడిస్తే అరగదు. అవి చూపించండి.

వన్‌టౌన్ అమ్మాయి:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే కాదంటున్నాను. దాచిపెట్టిన చోట్లు బతకవు. తొట్లకొండ సంగతి గుర్తుందా? నేవీ వాళ్ళు విమానంలో సర్వే చేస్తుంటే బయటపడ్డ చోటు అది. తర్వాత పురావస్తు శాఖ తవ్వితే విహారాలు, స్థూపాలు దొరికాయి. 2019 వానలకి మహాస్థూపం కూలింది. అప్పుడు గొడవ చేసిందెవరు? ఆదివారాలు అక్కడికి వెళ్ళి కూర్చునే మనలాంటి వాళ్ళే. ఎవరూ ఎరగని చోటు కూలితే ఎవరు అడుగుతారు? దిబ్బలైనా అంతే. చెక్కిన పేర్లు బాధ పెడతాయి, నాకూ కడుపు మండుతుంది. కానీ పేర్లు చెక్కేవాళ్ళు గోడకి చేసే నష్టం ఒక ఎత్తు, పొక్లెయిన్ పెట్టి చదును చేస్తే జరిగేది ఇంకో ఎత్తు. అలాంటిది జరిగినప్పుడు ఫోటో తీసి అడగడానికి అక్కడ మనుషులు తిరుగుతూ ఉండాలి.

ఇక మధురవాడ అన్నయ్యా, మీ వాళ్ళని ఒక పూట మా పాత ఊరికి తీసుకురండి. బీచ్ రోడ్డు చివర తిరిగిపోయేవాళ్ళే అందరూ, ఇవతలికి రారు. కురుపాం మార్కెట్ దగ్గర దిగి, సందుల్లోంచి నడుచుకుంటూ రాస్ హిల్ ఎక్కండి. పక్కపక్కనే మూడు కొండలు: ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా. నా చిన్నప్పుడు మా మామ్మ మూడింటికీ మొక్కేది, పరీక్షలకి ముందు నన్నూ తిప్పేది.

చర్చి మెట్ల మీద సాయంత్రం నాలుగున్నరకి కూర్చుంటే ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ, మధ్యలో ఓడలు లోపలికొచ్చే కాలువ. ఆ కాలువ ఎంత ఇరుకో పైనుంచి చూస్తే గానీ తెలియదు. పెద్ద ఓడ వస్తుంటే ముందొకటి వెనకొకటి టగ్గులు పట్టుకుని చిన్నగా లాక్కొస్తాయి. డెక్ మీద మనిషి చెయ్యి ఊపితే మనకి కనిపిస్తుంది. మా వీధి పిల్లలు ఇప్పటికీ తిరిగి ఊపుతారు. దీనికి టికెట్ లేదు, బోర్డు లేదు. ఏ టూరిస్టు బస్సూ ఆగదు.

గాజువాక నైట్‌షిఫ్ట్:
కొండల సంగతి మీరు తేల్చుకోండి, నేను బార్ గురించి మాట్లాడతాను. తీసుకెళ్ళు తమ్ముడూ. స్టేడియంలో ఉన్నంత ఊపు రాదు గానీ, ఇంట్లో సోఫాలో కూర్చుని చూసేదానికంటే వందరెట్లు నయం. వికెట్ పడితే పక్క టేబుల్ వాడెవడో వచ్చి భుజం మీద చరుస్తాడు చూడు, అదీ మ్యాచ్ అంటే. 2005 ఏప్రిల్ 5న ధోనీ మన స్టేడియంలో పాకిస్తాన్ మీద 148 కొట్టిన రోజు, నేను గాజువాకలో టీవీల షాపు బయట నిలబడి చూశాను. అతనికి అదే మొదటి అంతర్జాతీయ సెంచరీ. అద్దం అవతల పది టీవీలు, ఇవతల మేము వందమంది, సౌండ్ లేదు. ఎవరెవరో ఒకళ్ళనొకళ్ళం కౌగిలించుకున్నాం. ఆ షాపు ఇప్పుడు లేదు. ఆ కౌగిలింతలకి ఈ రోజుల్లో చోటు ఏదైనా ఉందంటే బార్‌లో పెద్ద స్క్రీన్ ముందే.

2018లో వెస్టిండీస్ మ్యాచ్ టై అయిందే, కోహ్లీ పది వేల పరుగులు దాటి 157 నాటౌట్‌గా నిలిచింది, అది బార్‌లోనే చూశాను. ఆఖరి ఓవర్‌లో వెయిటర్లు కూడా ట్రేలు పట్టుకుని నిలబడిపోయారు.

ఎంవీపీ అక్క:
మగవాళ్ళకి బార్ అంత సులువుగా ఉంటుంది. నా అనుభవం వినండి. 2025 అక్టోబరు 12న మహిళల ప్రపంచకప్‌లో భారత్, ఆస్ట్రేలియా మ్యాచ్ మన ఊళ్ళోనే. ఆ రోజే స్టేడియంలో స్టాండ్లకి క్రికెటర్లు మిథాలీ రాజ్, రావి కల్పనల పేర్లు పెట్టారు. టికెట్లు దొరక్క నేను, మా ఆఫీసు అమ్మాయిలు ఇద్దరూ కలిసి ఒక బార్ అండ్ రెస్టారెంట్‌కి వెళ్ళాం. బయట స్పోర్ట్స్ స్క్రీనింగ్ అని బోర్డు ఉంది. లోపల ఏం వేశారు? ఏదో విదేశీ ఫుట్‌బాల్ లీగ్ పాత మ్యాచ్, రిపీట్. మావాళ్ళ మ్యాచ్ పెట్టమంటే "ఆడవాళ్ళ మ్యాచ్ ఎవరూ అడగలేదు మేడమ్" అన్నాడు. ముగ్గురం నిలబడి అడుగుతుంటేనే. స్మృతి 80 దగ్గర అవుటయిందని ఫోన్‌లో చూసుకుని తెలుసుకున్నాం. కనీస బిల్లు ఇంత అని ముందే కట్టించుకున్నారు కాబట్టి లేచి వెళ్ళడానికీ లేదు. చివరికి ఒక మూల చిన్న టీవీలో సౌండ్ లేకుండా పెట్టారు. 330 చేసి ఓడిపోయాం, ఏడుపొచ్చింది. పక్కన డీజే పాటలు.

మధురవాడ తమ్ముడూ, నా మాట విని మీ మేడ మీద తెల్ల దుప్పటి కట్టి ప్రొజెక్టర్ పెట్టు. స్టేడియం అరుపులు మీ ఇంటిదాకా వినిపిస్తాయి కదా. బీచ్ నుంచి మూరీ మిక్చర్ సామాను తెచ్చుకుని అక్కడికక్కడ కలుపుకోండి. ఉల్లిపాయ సన్నగా తరగాలి, నిమ్మకాయ ఆఖరున పిండాలి, లేకపోతే మరమరాలు మెత్తబడతాయి. నలుగురికీ కలిపి రెండొందలు కాదు.

గాజువాక నైట్‌షిఫ్ట్:
అక్కా, మీకు జరిగింది తప్పే. ఆ మ్యాచ్ వేయకపోవడం మన ఊరికే అవమానం. నేను బార్ అన్నది ముందు ఫోన్ చేసి మూడు అడిగాకే: ఏ మ్యాచ్ వేస్తారు, కామెంటరీ సౌండ్ పెడతారా, కూర్చోడానికి ఎంత కట్టాలి. వీటికి సరిగ్గా జవాబు చెప్పని చోటికి నేనైతే వెళ్ళను. మేడ మీద ప్రొజెక్టర్ మాట మాత్రం బాగుంది. కానీ ఇద్దరు స్టేడియంలో, ఇద్దరు మేడ మీద అంటే ఆ ఇద్దరికి బయటి ఊరికి వచ్చిన సందడి ఏముంటుంది చెప్పండి?

ఎంవీపీ అక్క:
సందడి మనుషుల వల్ల వస్తుంది. మీ టీవీల షాపు బయట వచ్చిందిగా, అక్కడ ఎవరు బిల్లు కట్టారు?

మధురవాడ మనిషి:
అక్కా, ఆ మాట నాకు తగిలింది. మా అపార్టుమెంటు వాళ్ళని అడిగాను, మేడ ఇస్తామన్నారు, పిల్లలంతా వస్తామన్నారు. ప్రొజెక్టర్ ఖాయం. నైట్‌షిఫ్ట్ అన్నా, మీరూ రండి. పక్కన కూర్చుని భుజం చరిచేవాళ్ళు కావాలిగా.

పాత ఊరు మొదటి సాయంత్రమే. రెండో రోజు పొద్దున్న తొట్లకొండ, అక్కడినుంచి భీమిలి. దిబ్బల దగ్గరే ఆగిపోయాను. మాస్టారూ, ఒక మాట అడుగుతాను. మీరు తోడొస్తే?

భీమిలి మాస్టారు:
రెండు రోజులు ఆలోచించాను. వన్‌టౌన్ అమ్మాయి పొక్లెయిన్ మాట తీసిపారేయలేకపోయాను. వస్తాను, కానీ నా షరతులు ఇవి. ఎండ ముదరకముందే, ఆరున్నరకల్లా అక్కడ ఉండాలి. పాయ అడుగున ఇసుకలోనే నడవాలి, గట్టు ఎక్కకూడదు, గోడని ముట్టుకోకూడదు. ముందు రోజు వాన పడితే వెళ్ళం. తినేవి ఏవీ తేవద్దు. ఫోటోలు తీసుకోండి, లొకేషన్ మాత్రం పెట్టకండి.

వన్‌టౌన్ అమ్మాయి:
లొకేషన్ దగ్గర మాత్రం మీతో ఏకీభవించను మాస్టారూ. మ్యాపులో కొడితే ఎలాగూ వస్తుంది. లొకేషన్‌తోపాటు మీ షరతులన్నీ కలిపి రాస్తే నయం. పేర్లు చెక్కిన ఫోటో కూడా పెట్టాలి, చూసినవాళ్ళకి తెలియాలి.

మధురవాడ మనిషి:
నా పాత వీడియోలోంచి లొకేషన్ ఈ పూటే తీసేశాను. దాని కింద మాస్టారి షరతులు పెట్టాను, గోడ ఫోటో కూడా పెట్టాను. మీ ఇద్దరి మాటా సగం సగం విన్నట్టయింది, ప్రస్తుతానికి నాకు తోచింది ఇదే. మాస్టారూ, మేం కారులోనే వస్తున్నాం. భీమిలి వచ్చి మిమ్మల్ని ఎక్కించుకోమంటారా, 900కె బస్సులో దిబ్బల దగ్గరికి వచ్చేస్తారా?

భీమిలి మాస్టారు:
బస్సులోనే వస్తాను. మీవాళ్ళకి చెప్పులు కాదు, బూట్లు వేసుకోమని చెప్పండి. పాయలో ముళ్ళకంపలు, మీరు చెప్పిన సీసా పెంకులు కూడా ఉన్నాయి కదా. ఒక గోనెసంచి నేను తెస్తాను, ఆ పెంకులు ఏరుకొద్దాం.